పది కేసరాల తంగేడు

ఏర్పేడు నుంచి వెంకటగిరి వెళ్లే రోడ్డు వారగా తంగేడు పొదలు ఏడాదిలో చాలా నెలలు పసుపురంగులో కనిపిస్తాయి. ఐఐటీ తిరుపతి ఉన్నది ఆ రోడ్డు మీదే. ఐసర్ తిరుపతి కూడా ఇదే మండలంలో, శ్రీనివాసపురం దగ్గర ఉంది. రెండూ 2015లో మొదలైన సంస్థలు. అక్కడ చదివే పరిశోధక విద్యార్థికీ, ఈ చుట్టుపక్కల ఊళ్ల బడిపిల్లలకూ చేతికందే దూరంలో, పైసా ఖర్చు లేకుండా దొరికే మంచి పాఠం ఈ తంగేడు పువ్వు.

ఒక పువ్వు కోసి రేకులు వెనక్కి వంచి చూడండి. రేకులు ఐదు. నడిమధ్య నుంచి బయటికి పొడుచుకువచ్చినవి పది. ఆ పదీ కేసరాలు. అయితే పదీ ఒకే తీరున ఉండవు. పైవైపు మూడు చిన్నగా, వాడిపోయినట్టు ఉంటాయి. వాటిలో పుప్పొడి తయారుకాదు. మధ్యలో నాలుగు పొట్టివి. కిందివైపు మూడు మాత్రం బాగా పొడుగ్గా, లావుగా ఉండి ఒంపు తిరిగి ఉంటాయి. ఒకే పువ్వులో, ఒకే పేరుగల భాగం మూడు రకాలుగా ఎందుకుంది? పువ్వుల మగభాగాల గురించి శాస్త్రం పెట్టిన పేర్లన్నీ ఇలాంటి ప్రశ్నల దగ్గర పుట్టినవే.

ముందు నాలుగు మాటలు తెలుసుకుంటే మిగతా దారి తేలిక. కేసరానికి రెండు భాగాలు. సన్నని కాడ కేసరదండం. దాని కొసన ఉండే తిత్తి పరాగకోశం. ఆ తిత్తిలో తయారయ్యే పొడిని ఊళ్లో పుప్పొడి అంటాం, పుస్తకంలో పరాగరేణువులు అంటాం. ఒక పువ్వులోని కేసరాలన్నిటినీ కలిపి కేసరావళి అంటారు. తంగేడులో పైనున్న మూడింటిలా పుప్పొడి ఇవ్వనివి వంధ్య కేసరాలు. కేసరం, పరాగం అనే మాటలు మనకు కొత్తవి కావు. తామరపువ్వు నడుమ ఉండే కేసరానికి అమరకోశం కింజల్కం అనే మరో పేరు కూడా ఇచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్ పుస్తకాలు వేసినప్పుడు ఈ పాత మాటల మీదే కొత్త పదజాలం కట్టారు. ఏకబంధకం, ద్విబంధకం, బహుబంధకం, మకుటదళోపరిస్థితం అంటూ తరగతిలో అప్పజెప్పిన పదాలు అలా వచ్చినవే.

వాటితో వచ్చిన చిక్కు మాట పొడుగు కాదు. పిల్లల చేత వాటిని పువ్వు లేకుండా బట్టీ పట్టించడమే చిక్కు. ఏకబంధకానికి ఉదాహరణ మందార, ద్విబంధకానికి చిక్కుడు అని రాస్తే మార్కు వస్తుంది, ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. కేసరాలు అతుక్కుని ఉంటే మందారకు ఒరిగేదేమిటి? విడిగా ఉంటే చిక్కుడుకు వచ్చే నష్టమేమిటి? మొక్క కదల్లేదు. దాని పుప్పొడి మరో పువ్వును చేరాలంటే గాలో, నీరో, ఈగో, తేనెటీగో, పిట్టో మోయాలి. ఆ మోసేవాళ్ల ఒంటి మీద ఎక్కడ, ఎంత, ఎప్పుడు పుప్పొడి వేయాలన్నది కేసరం పొడుగూ, అతుకూ, తిత్తి తెరుచుకునే తీరూ తీర్మానిస్తాయి. కేసరానికి పెట్టిన ప్రతి పేరు వెనకా ఒక రవాణా ఏర్పాటు ఉంది. దాన్ని పట్టుకుంటే పేరు దానంతట అదే గుర్తుండిపోతుంది.

తంగేడు దగ్గరికే వద్దాం. ఈ పువ్వులో తేనె లేదు. వచ్చిన అతిథికి పెట్టేది పుప్పొడి మాత్రమే. అదే పుప్పొడి వంశం నిలవడానికీ కావాలి. అంతా తినేస్తే తంగేడు నష్టపోతుంది, ఏమీ పెట్టకపోతే ఎవరూ రారు. అందుకని కేసరాలు పని పంచుకున్నాయి. మధ్యలో ఉన్న నాలుగు పొట్టివాటి పుప్పొడి అతిథి తిండికి. కింది పెద్ద కేసరాల పుప్పొడి అతిథి ఒంటికి అంటుకుని మరో పువ్వుకు చేరడానికి. ఇలా ఒకే పువ్వులో వేర్వేరు కేసరాలు వేర్వేరు పనులు చేస్తాయన్న ఊహను 1880లలో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ముల్లర్, బ్రెజిల్‌లో స్థిరపడ్డ ఆయన అన్న ఫ్రిట్జ్ ముల్లర్ ముందుకు తెచ్చారు. చార్లెస్ డార్విన్ తన చివరి రోజుల్లో దీని మీద ఎంతో ఆసక్తి చూపాడు.

ఇంకో విశేషం పరాగకోశం తెరుచుకునే తీరులో ఉంది. ఎక్కువ పువ్వుల్లో ఆ తిత్తి నిలువునా చీలి పుప్పొడిని బయట పెడుతుంది. తంగేడులో చీలదు. కొసన చిన్న రంధ్రం మాత్రం ఉంటుంది, చిల్లు మూతగల ఉప్పుడబ్బాలో ఉన్నట్టు. బోర్లించి ఊపితేనే పొడి రాలుతుంది. ఊపేది ఎవరు? నల్లగా, బొద్దుగా, ఎండిన కొయ్యను తొలిచి గూడు పెట్టే తుమ్మెద. అది కేసరాలను కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు కదపకుండా, రెక్కల కండరాలను మాత్రమే సెకనుకు రెండు మూడు వందలసార్లు అదిరేలా చేస్తుంది. ఆ అదురుకు పుప్పొడి చిమ్ముతుంది. ఉదయం పూట పొద దగ్గర కాసేపు నిలబడితే తుమ్మెద ఎగిరేటప్పటి మోత ఒకలా, పువ్వు మీద వాలాక వచ్చే మోత ఇంకోలా, కాస్త సన్నగా, తెగి తెగి వినిపిస్తుంది. ఆ రెండో మోతే పుప్పొడి రాల్చే మోత. తేనెటీగకు ఈ విద్య రాదు. ప్రపంచంలో సుమారు 20 వేల పుష్పజాతులు ఇలా కొసరంధ్రాల పరాగకోశాలు పెట్టుకుని, అదిరించగల అతిథులకే తలుపు తీస్తున్నాయి.

వాటిలో మన వంకాయ ఒకటి. దాని చుట్టమైన టమాటాలో ఏర్పాటు కొద్దిగా వేరు. పరాగకోశాలు ఒకదానికొకటి ఆనుకుని శంకువులా ఏర్పడతాయి. తిత్తులు లోపలివైపు చీలుతాయి, పుప్పొడి శంకువు కొసన జారుతుంది. టమాటా తన పుప్పొడితో తానే కాయ పట్టగలదు కాబట్టి, పొలంలో గాలి ఊపు చాలావరకు సరిపోతుంది. గాలి సోకని గాజు ఇళ్లలో సాగు చేసిన యూరప్ రైతులకు మాత్రం ఈ శంకువు చుక్కలు చూపించింది. కరెంటుతో అదిరే పుల్లలు పట్టుకుని పువ్వు పువ్వునూ కదిలించేవారు. 1980ల చివర్లో అదిరించే విద్య తెలిసిన బంబుల్‌బీలను పెంచి అమ్మడం మొదలయ్యాక ఆ చాకిరీ తప్పింది. మదనపల్లె మార్కెట్‌కు చేరే టమాటా లారీల వెనక ఈ చిన్న శంకువు, దాన్ని కదిలించిన గాలి, ఈగల పని ఉంది.

పని పంచుకున్న కేసరాలను ఇంకా ఘనంగా చూడాలంటే నాగలింగం చెట్టు దగ్గరికి వెళ్లాలి. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన శివాలయాల ఆవరణల్లో స్థిరపడ్డ చెట్టు ఇది. భక్తులు పడగ కింద లింగం ఉందని దండం పెట్టుకునే ఆ పువ్వులో, పడగంతా కేసరావళే. లింగం చుట్టూ వలయంలో ఉన్న పొట్టి కేసరాల పుప్పొడి విత్తనం కట్టడానికి పనికొస్తుంది. పడగ లోపలి కేసరాల పుప్పొడి తుమ్మెదలకు మేత. మేత కోసం రెంటి మధ్యకు దూరిన తుమ్మెద ఒంటికి వలయంలోని పుప్పొడి అంటుకుంటుంది. ఈ సంగతి తెలిశాక కూడా ఆ పువ్వును చూసి చేతులు జోడించాలనే నాకు అనిపిస్తుంది.

కేసరాలు పువ్వు మగభాగాలని నిరూపించిన ప్రయోగంలో మన సీమ పంట ఒకటి పాలుపంచుకుంది. అది ఆముదం. జర్మనీలోని ట్యూబింగెన్‌లో రుడాల్ఫ్ కమెరేరియస్ అనే వైద్యుడు ఆముదం గెలలోని మగపూలను, వాటి తిత్తులు విప్పకముందే తుంచేసి చూశాడు. గింజ కట్టలేదు. ఇలాంటి పరీక్షల ఫలితాలను 1694లో ఉత్తరం రూపంలో ప్రకటించాడు. ఆముదం ఇందుకు అనువైన మొక్క. ఒకే గెలలో మగపూలు కింద, ఆడపూలు పైన విడివిడిగా ఉంటాయి. దాని మగపువ్వును దగ్గరగా చూస్తే కేసరదండాలు కొమ్మలు కొమ్మలుగా చీలి, గుత్తులు గుత్తులుగా ఉంటాయి. బహుబంధకం అంటే అదే. ఆ తిత్తులు ఎండకు పగిలి పుప్పొడిని గాలిలోకి విసురుతాయి. గాలిని నమ్ముకున్న మొక్క కాబట్టి పుప్పొడి లెక్కలేనంత కావాలి, అందుకే అన్ని కొమ్మలు.

కమెరేరియస్ తర్వాత 40 ఏళ్లకు స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ కేసరాలనే పట్టుకుని మొక్కల లోకాన్నంతా 24 తరగతులుగా విడగొట్టాడు. ఒక కేసరం ఉంటే ఒక తరగతి, రెండుంటే మరొకటి. మల్లెకు రెండు, వరికి ఆరు, తంగేడుకు పది. కేసరాలు అతుక్కుని ఉంటే ఎన్ని కట్టలుగా ఉన్నాయన్నది మరో లెక్క. ఈ పద్ధతి చుట్టరికాలు చెప్పలేదు. ఏ సంబంధమూ లేని మొక్కలను కేసరాల సంఖ్య ఒకటైనందుకు ఒకే గంపలో వేసింది. అయినా ఒక భూతద్దం, ఓపిక ఉన్న ఎవరికైనా తెలియని మొక్క పేరు పట్టుకునే దారి చూపింది. 1781 నుంచి సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలను ఇక్కడి చిత్రకారుల చేత గీయించాడు. అందులోంచి ఎంచిన 300 చిత్రాలు 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. మొక్క బొమ్మ పక్కన విప్పిన పువ్వు, విడదీసిన కేసరాలు, వర్ణనలో మొక్కల తెలుగు పేర్లు కనిపిస్తాయి. ఆయన మరణానంతరం వెలువడిన ఫ్లోరా ఇండికా కూడా లిన్నేయస్ తరగతుల వరుసలోనే ఉంది. తెలుగునేల మొక్కలు ప్రపంచ శాస్త్రానికి పరిచయమైంది కేసరాల లెక్కతోనే.

ఆ లెక్కకు లొంగని మొక్కలు మన పొలాల్లోనే ఉన్నాయి. వేరుశనగనే చూడండి, సీమలో మనం శెనక్కాయ అనే పంట. కంది, చిక్కుడు, అవిసె వంటి దాని బంధువుల్లో పది కేసరాల్లో తొమ్మిది గొట్టంలా అతుక్కుని, పదోది విడిగా ఉంటుంది. ఇదే ద్విబంధకం. ఆ పదోది విడిగా ఉండటం వల్ల అడుగున చిన్న సందు ఏర్పడుతుంది. తేనెటీగ నాలుక ఆ సందులోంచి లోపలి తేనెను అందుకుంటుంది. అందుకుంటున్నప్పుడు దాని బరువుకు కింది రేకులు దిగి, కేసరాలు పైకొచ్చి పొట్టకు పుప్పొడి రాస్తాయి. వేరుశనగలో ఆ విడి కేసరం లేదు. కేసరదండాలన్నీ ఒకే గొట్టం, అంటే ఏకబంధకం. సాధారణంగా ఎనిమిదింటికే పరాగకోశాలు ఉంటాయి, రెండు వంధ్యం. ఆ ఎనిమిదింటిలోనూ కొన్ని కోలగా, కొన్ని గుండ్రంగా ఉంటాయి. లిన్నేయస్ మాత్రం 1753లో బంధువులతో పాటు వేరుశనగనూ ద్విబంధక తరగతిలోనే పెట్టాడు. తన సూత్రాన్ని తానే పక్కన పెట్టి చుట్టరికం చూసుకున్నాడన్నమాట, ఆ పని మంచిదే చేశాడు.

వేరుశనగ పువ్వుకు అతిథుల అవసరం తక్కువ. తెల్లవారి విచ్చుకునే వేళకే తన పుప్పొడి తనకు అందిపోతుంది. ఆ తర్వాతే ఊడ దిగి నేలలో కాయ కడుతుంది. రైతుకు ఇది ధీమా, కొత్త రకం తీసేవాళ్లకు తలనొప్పి. కదిరి పరిశోధనా స్థానంలోనో, తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలోనో రెండు రకాలను కలపాలంటే, పువ్వు విచ్చడానికి ముందటి సాయంత్రమే మొగ్గను విప్పి, చిన్న పట్టుకారుతో ఆ పరాగకోశాలు ఒక్కటీ మిగలకుండా తీసేయాలి. మర్నాడు ఉదయం వేరే మొక్క పుప్పొడి తెచ్చి, పువ్వు ఆడభాగం కొస అయిన కీలాగ్రానికి అద్దాలి. ఒక్క తిత్తి మిగిలినా శ్రమంతా వృథా. రైతులు నాటే నారాయణి, ధరణి వంటి రకాల వెనక ఇంత చేతిపని ఉంది.

ఇదే పనిని పెద్ద ఎత్తున పత్తి విత్తన పొలాల్లో చూడొచ్చు. నంద్యాల, గద్వాల వైపు దాన్ని క్రాసింగ్ అంటారు. పత్తి మందార కుటుంబానికి చెందింది. మందార పువ్వు నడుమ పొడుగ్గా వచ్చే గొట్టం కేసరదండాలన్నీ అతుక్కుంటే ఏర్పడినది, ఏకబంధకానికి ఇంతకన్నా స్పష్టమైన రూపం లేదు. ఆ గొట్టం లోపలి నుంచే కీలాగ్రాన్ని మోసే కాడ, కీలం, పైకి సాగుతుంది. పత్తిలో సాయంత్రం మొగ్గ వలిచి ఆ గొట్టాన్ని కేసరాలతో సహా తీసేస్తారు, ఉదయం మగవరుస పువ్వు తెచ్చి రాస్తారు. ఎక్కువగా ఆడవాళ్లు చేసే పని ఇది. కేసరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వాళ్ల వేళ్లకు తెలిసినంతగా డిగ్రీ విద్యార్థులకు తెలియదని నా నమ్మకం. మందార దగ్గర ఉండగానే మరో మాట. ముద్దమందారంలో అదనంగా కనిపించే రేకుల్లో చాలా వరకు రేకులుగా మారిన కేసరాలే. అంచున సగం రేకు, సగం పరాగకోశంగా ఉన్నవి వెతికితే దొరుకుతాయి. అందానికి మనం ఇచ్చుకున్న ధర పుప్పొడి.

కేసరదండం సంగతి ఇలా ఉంటే, పరాగకోశాల కలయిక మరో రకం. పొద్దుతిరుగుడు, చేమంతి, బంతి పూలలో చిన్న చిన్న పుష్పకాలు వందల్లో ఉంటాయి. ఒక్కోదానిలో ఐదు కేసరాల కాడలు విడిగా, తిత్తులు మాత్రం గొట్టంలా కలిసి ఉంటాయి. పుప్పొడి ఆ గొట్టం లోపలికి రాలుతుంది. కింది నుంచి కీలం పెరుగుతూ దాన్ని పైకి నెట్టి బయట పెడుతుంది. సొంత పుప్పొడి చేయి దాటాకే కీలాగ్రం విచ్చుకుని పరాయి పుప్పొడిని అందుకుంటుంది. కాలభేదంతో కట్టుదిట్టం చేసిన పద్ధతి. తులసిలో నాలుగు కేసరాల్లో రెండు పొడుగు, రెండు పొట్టి. ఆవపువ్వులో ఆరింటిలో నాలుగు పొడుగు. ద్విదీర్ఘం, చతుర్దీర్ఘం అని పేర్లు. మల్లెలో, ఉమ్మెత్తలో కేసరాలు రేకుల గొట్టానికే అతుక్కుని ఉంటాయి కనుక మకుటదళోపరిస్థితం.

జిల్లేడు వీటన్నిటినీ మించిపోయింది. దానికి పొడిగా రాలే పుప్పొడే లేదు. తిత్తిలోని ఒక్కో అరలో పుప్పొడంతా మైనపు బిళ్లలా ముద్దకడుతుంది. దాన్ని పొలీనియం అంటారు. పక్కపక్క కేసరాల నుంచి వచ్చిన రెండేసి బిళ్లలు ఒక నల్లని కొక్కేనికి జతగా వేలాడతాయి. పువ్వుకు ఐదు జతలు. తేనె కోసం వచ్చిన తుమ్మెద కాలు సందులో ఇరుక్కుని లాక్కునేటప్పుడు కొక్కెం కాలికి తగులుకుని, జత మొత్తం ఊడివస్తుంది. బలం లేని చిన్న పురుగులైతే ఇరుక్కుని అక్కడే చచ్చిపోవడమూ ఉంది. వినాయక చవితికి జిల్లేడు పూలు తెచ్చినప్పుడు ఒకదాని నడుమ ఉన్న ఐదు మూలల కిరీటాన్ని సూదితో కదిపి చూడండి, సూదికి కొక్కెం తగులుకొని వస్తుంది.

ఇక తిత్తి లోపల జరిగేది. పరాగకోశాన్ని అడ్డంగా కోస్తే సాధారణంగా నాలుగు గదులు కనబడతాయి. మందార కుటుంబంలో రెండే. ప్రతి గదికీ లోపలి గోడ వెంట ఉండే పొర పేరు టపేటం. పెరిగే పరాగరేణువులకు అన్నం పెట్టేది అదే, పని అయ్యాక కరిగిపోతుంది. బయటి పొరకు దగ్గరలో ఉండే కణాల గోడలకు గట్టి పట్టీలు ఉంటాయి. ఎండ తగిలి నీరు పోయినప్పుడు ఆ పట్టీలు ముడుచుకునే లాగుడుకు తిత్తి పగులుతుంది. మబ్బు పట్టిన తేమ ఉదయాల్లో పూలు విచ్చినా పుప్పొడి ఆలస్యం కావడానికి కారణం అది. రేణువు పైకవచంలో ఉండే స్పోరోపొలెనిన్ అనే పదార్థం ఆమ్లాలకు లొంగదు, లక్షల ఏళ్లు మట్టిలో ఉన్నా చెడదు. కవచం మీది చెక్కడాలు జాతికో తీరు. అందుకే తేనెచుక్కలోని పుప్పొడిని సూక్ష్మదర్శినిలో చూసి తేనెటీగలు ఏ చెట్ల మీద తిరిగాయో చెప్పవచ్చు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సి.జి.కె. రామానుజం బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తేనెల మీద ఇలాంటి పరిశీలనలు చేసింది. వయ్యారిభామ పుప్పొడి మన ముక్కులోకి చేరి తుమ్ములు తెప్పించడమూ ఆ కవచం మహిమలో భాగమే, దాని మీది ప్రొటీన్లు మన ఒంటికి పడవు.

పరాగకోశం చరిత్రలో భారతదేశం పేరు నిలబెట్టిన మొక్క ఉమ్మెత్త. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీష్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాలను పోషక మాధ్యమంలో పెంచుతుండగా వాటిలోంచి పిండాలు, ఆ తర్వాత మొక్కలు వచ్చాయి. అవి పుప్పొడి రేణువుల నుంచే పుట్టినవని తేలింది. తల్లి పాత్ర లేకుండా, సగం క్రోమోజోములతో మొక్కలు. స్వచ్ఛమైన వంగడాలను ఏళ్ల తరబడి కాకుండా త్వరగా తీసే దారి దీంతో తెరుచుకుంది. వరి, గోధుమ, పొగాకు పరిశోధకులు ప్రపంచమంతటా ఆ దారి పట్టారు. దిబ్బల మీద మొలిచే మొక్కకు ఇంతటి గౌరవం ఇంకెక్కడా దక్కలేదు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతం పేరెత్తి మామిడిని వదలడానికి లేదు. తోతాపురి తోటలో పూతగుత్తి ఒకటి తీసుకుని భూతద్దంతో చూస్తే, కొన్ని పూలు మగవి, కొన్ని రెండు భాగాలూ ఉన్నవి. చూడటానికి ఐదు కేసరాల స్థానాలున్నా, పని చేసేది తరచుగా ఒక్కటే, అప్పుడప్పుడు రెండు. మిగతావి వంధ్యం. వందల పూల గుత్తిలో చివరికి ఒకటో రెండో కాయలు నిలుస్తాయి. ఆ ఒక్క గులాబీరంగు తిత్తి నుంచి పుప్పొడిని మోసేది ముఖ్యంగా రకరకాల ఈగలు. మనం అసహ్యించుకునే ఈగలే. తేనెమంచు పురుగు భయంతో పూత పూర్తిగా విచ్చిన రోజుల్లో మందు కొడితే పురుగుతో పాటు ఈగలూ పోతాయి. పూత మొగ్గ దశలో ఒకసారి, పిందె కట్టాక అవసరమైతే మరోసారి కొట్టి, విచ్చిన రోజుల్లో ఆగమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పేది అందుకే. పువ్వుకు ఒక్క కేసరం ఉన్న చెట్టు విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

అన్నట్టు, అంగడిలో కేసర్ పేరుతో అమ్మే కుంకుమపువ్వు కేసరం కాదు. ఆ ఎర్రని పోగులు ఆడభాగమైన కీలాగ్రాలు. ఆ పువ్వులో అసలు కేసరాలు మూడు, పసుపురంగువి, వాటిని ఏరి పారేస్తారు. గ్రాము కొనేముందు ఈ సంగతి తెలిసి ఉంటే మంచిది, పసుపు పోగులు ఎక్కువుంటే బరువుకు కలిపారని అర్థం.

ఏర్పేడుకు పడమట కనిపించే శేషాచలం కొండలను ప్రభుత్వం 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఆ కొండల్లోనూ వాటిని ఆనుకున్న కొండవరసల్లోనే. వేసవిలో ఆకు లేని కొమ్మల నిండా పసుపు పూలు పూసే ఆ చెట్టుకు పుప్పొడి మోసేది తేనెటీగలని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు గమనించి 2002లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. ఆ బృందంలోని ఏ.జె. సాల్మన్ రాజు తూర్పు కనుమల అరుదైన చెట్ల పూల మీద చేసిన పని విలువైనది. దుంగల దొంగతనం గురించి వార్తలు రోజూ చదువుతాం. ఆ చెట్టు తర్వాతి తరం తేనెటీగ కాలి మీద ఉందన్న వార్త మాత్రం మనకు చేరదు.

అదే కొండల్లో పువ్వే లేని, అయినా పుప్పొడి ఉన్న మొక్క ఒకటుంది. పేరీత అంటారు. శాస్త్రనామం సైకస్ బెడ్డోమై. మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ పేరు మీద 1883లో థిసెల్టన్ డయర్ ఆ నామం పెట్టాడు. ఈత మొక్కలా కనిపించే ఇది ఈ కొండవరసల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. సైకస్ వంశం పువ్వులు పుట్టకముందు నుంచీ భూమి మీద ఉంది. కేసరమన్న మాట దీనికి వర్తించదు. మగ మొక్క కొసన పెద్ద శంకువు వస్తుంది. అందులో వందల కొద్దీ పొలుసులు, ప్రతి పొలుసు అడుగువైపున మూడు నుంచి ఐదేసి గుంపులుగా పుప్పొడి తిత్తులు. ఆ పొలుసును సూక్ష్మసిద్ధబీజాశయ పత్రం అంటారు. నోరు తిరగని మాటే, కానీ ఆకు మీద పుప్పొడి తిత్తులు ఉన్నాయన్న నిజాన్ని అది సూటిగా చెబుతోంది. పువ్వులోని కేసరం కూడా పూర్వం ఇలాంటి ఆకే అయి ఉండాలని వృక్షశాస్త్రం భావిస్తోంది. ఇంకా ఆశ్చర్యమేమిటంటే, సైకస్ పుప్పొడి నుంచి వెలువడే శుక్రకణాలు నాచుల్లో, ఫెర్నుల్లో లాగా ఈదుతాయి. దీన్ని 1896లో జపాన్ శాస్త్రజ్ఞుడు ఇకెనో సైకస్ రెవల్యూటాలో కనుగొన్నాడు.

పేరీతలో మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. మగ మొక్క శంకువు వేస్తేనే, అది పండి పుప్పొడి రాలితేనే, చుట్టుపక్కల ఆడ మొక్కల్లో విత్తనం. తిరుపతి ప్రాంతంలో ఈ మగ శంకువుకే మదనమస్తు అని పేరు. మగతనానికి, కీళ్ల నొప్పులకు మందని దాన్ని కోసి, ఎండబెట్టి అమ్ముతారు. పుప్పొడి రాలకముందే కోసిన ప్రతి శంకువూ ఆ ఏడాది ఆ కొండవాలుకు విత్తనం లేకుండా చేస్తుంది. ఈ మొక్కను అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటిస్ మొదటి అనుబంధంలో, అంటే పులి, ఏనుగులతో సమానమైన కట్టుదిట్టంలో పెట్టారు. సైకస్ ప్రజాతిలో ఆ జాబితాకెక్కినది ఇదొక్కటే. తిరుపతిలో ఎవరైనా మదనమస్తు చూపించి బేరం పెడితే కొనకండి. మీతో ఉన్నవాళ్లనూ కొననివ్వకండి. అది ఏమిటో, ఏ మొక్క నుంచి కోశారో వాళ్లకు చెప్పండి.